యాసిన్ మేస్త్రీ అయిదో సర్టిఫికెట్

విజయవాడ వన్ టౌన్‌లో యాసిన్ మేస్త్రీ ఉండే ఇల్లెక్కడ అని అడిగితే తడుముకుంటారు గానీ, యాసిన్ మేస్త్రీ కట్టిన ఇల్లెక్కడ అని అడగండి, నలుగురు నాలుగు దిక్కులు చూపిస్తారు. ఆయన ఉండేది కొండవాలున మెట్ల వీధిలో, ఆటో ఎక్కలేని చోట. కట్టినవేమో ఇటు గన్నవరం నుంచి అటు ఉయ్యూరు దాకా ఉన్నాయి. ముప్ఫై నాలుగేళ్లుగా తాపీ పట్టిన చెయ్యి. వయసు యాభై మూడు దాటినా, గోడ కనిపిస్తే ఇప్పటికీ ముందు ఒక కన్ను మూస్తాడు. తెరిచి ఉన్న ఆ ఒక్క కన్నుతోనే గోడ ఎంత వంకరగా లేచిందో చెప్పేస్తాడు. పెళ్లికి పిలిచినా ఇదే వరస. జనమంతా స్టేజీ వైపు చూస్తుంటే ఈయన ఫంక్షన్ హాలు స్తంభాలు చూస్తుంటాడు. "రెండో కన్ను కూడా కాస్త తెరవండి, పెళ్లికూతురు వచ్చింది" అని భార్య కరీమున్నీసా మోచేత్తో పొడవాలి.

ఇంతటి పనిమంతుడి పేరు ఒక్క సర్కారు కాగితం మీద కూడా లేదంటే నమ్మండి. స్కూలు ప్రహరీలు, అంగన్‌వాడీ గదులు, మురుగు కాలవలు ఎన్నో కట్టాడు. అన్నీ లక్ష్మీకాంత్ గారి లైసెన్సు మీదే. టెండరు ఆయన వేసేవాడు, పని ఈయన చేసేవాడు. శిలాఫలకం మీద ఆయన పేరు చెక్కించి, అది తూకంగా నిలబడేలా సిమెంటు పెట్టి బిగించేది కూడా యాసినే. ఇరవై ఏళ్లలో ఇద్దరి మధ్యా ఒక్క మాట తేడా రాలేదు. అలాంటిది పోయిన వేసవిలో ఒకరోజు లక్ష్మీకాంత్ మోకాళ్లు పట్టుకుని కుర్చీలో కూలబడి చావు కబురు చల్లగా చెప్పాడు.

"ఇంక నా వల్ల కాదు యాసిన్. ఈసారి లైసెన్సు రెన్యువల్ చేయించట్లేదు. నువ్వే నీ పేరు మీద రిజిస్ట్రేషన్ చేయించుకో."

"నాకెందుకండీ ఇవన్నీ? చేసుకున్నన్నాళ్లు చేసుకుంటాను."

"నీకు అక్కర్లేదు సరే. నీ పదకొండు మంది సంగతేంటి?"

ఆ పదకొండు మందీ యాసిన్ ముఠా. వాళ్లలో సగం మంది పెళ్లి కాకముందు నుంచీ ఆయన వెంటే ఉన్నారు. ఇళ్ల పనులు వానాకాలంలో ఉండవు, మూఢంలో ఉండవు. ఆ నెలల్లో వాళ్ల పొయ్యి వెలిగేది సర్కారు వాళ్ల చిన్నా చితకా పనులతోనే. రిజిస్ట్రేషన్ లేకపోతే ఆ పనులు రావు, ముఠా తలో దిక్కూ పోతుంది. ఒకసారి చెదిరిన ముఠాను మళ్లీ కూర్చడం ఎవరి తరమూ కాదు. ఆ రాత్రి అన్నం సయించలేదు ఆయనకు. మర్నాడు తెల్లారగానే డయానా దుకాణానికి వెళ్లాడు.

వన్ టౌన్ గోడౌన్ల మధ్య ఇరుకు సందులో జెరాక్సు, ఆన్‌లైన్ పనులు చేసే దుకాణం డయానాది. వీధిలో సగం మంది పాన్ కార్డులూ రేషన్ కార్డులూ ఆమె చేతి మీదుగా వచ్చినవే. కంప్యూటర్లో చూస్తూ ఒక్కొక్కటే చదివింది. ఆధార్ ఉంది, పాన్ ఉంది, బ్యాంకు కాగితం తెచ్చుకోవచ్చు, జీఎస్టీ ఆమే చేయిస్తానంది.

"చివర్లో ఒక చిక్కుముడి ఉంది బాబాయ్. మీ అంతట మీరు పూర్తిచేసిన అయిదు పనులకి, ఆ కట్టించుకున్నవాళ్ల దగ్గర అనుభవం సర్టిఫికెట్లు పట్రావాలంట. వచ్చే శుక్రవారం ఆఖరు."

యాసిన్ నేరుగా లక్ష్మీకాంత్ దగ్గరకు వెళ్లి, ఆ స్కూళ్లూ కాలవలూ నేనే కట్టానని రాసివ్వమన్నాడు. లక్ష్మీకాంత్ తల పట్టుకున్నాడు. "రాసిస్తే నా పని నీకు అప్పగించేశానని నేనే ఒప్పుకున్నట్టు. అది రూలు ఒప్పుకోదు. నిజం రాస్తే ఇద్దరం మునుగుతాం యాసిన్. ఎవరో ఒకరికి ఎంతో కొంత పడేస్తే, కట్టని ఇళ్లకి సర్టిఫికెట్లు రాసిచ్చేవాళ్లున్నారు గానీ..."

"వద్దండీ. కట్టినవే అన్ని ఉంటే, కట్టనివాటి పేరు చెప్పుకోవడం ఎందుకు?" అని లేచాడు యాసిన్.

మాటైతే అనేశాడు గానీ, కట్టినవి ఎక్కడెక్కడ ఉన్నాయో, వాళ్ల పూర్తి పేర్లేమిటో, ఏ ఏడాది కట్టాడో ఆయనకు గుర్తుంటే గదా! 'రైసుమిల్లు వాళ్లిల్లు', 'బావి పూడ్చిన ఇల్లు', ఇవీ ఆయనకు తెలిసిన చిరునామాలు. ఈ గోడునంతా ఇంట్లో వెళ్లబోసుకున్నాడు. కరీమున్నీసా లేచి, మంచం కింద నుంచి ఒక రేకు పెట్టె లాగింది.

ఇక్కడ ఇల్లు పూర్తయ్యాక గృహప్రవేశానికి మేస్త్రీని పిలిచి, కొత్త బట్టలు పెట్టి, భోజనం చేయించి పంపడం ఆనవాయితీ. పిలుపు కార్డు ఇంటికొచ్చి మరీ ఇస్తారు. భోజనం అయిపోతుంది, బట్టలు మాసిపోతాయి, కార్డు మాత్రం కరీమున్నీసా చేతిలో మిగులుతుంది. ఆ కార్డు మీద వెంకటేశ్వర స్వామో, వినాయకుడో, మేరీమాతో ఉంటారు. తమవాళ్ల కార్డుల మీదైతే నెలవంక, పైన బిస్మిల్లా. "దేవుడి బొమ్మని చెత్తలో ఎట్లా పడేస్తామండీ? ఎవరి దేవుడైతేనేం" అని ఆమె ఒక్కటీ పారెయ్యలేదు. పసుపు రాసిన కార్డులతో ఇల్లు నింపుతున్నావని యాసిన్ ఏళ్ల తరబడి ఆటపట్టించాడు. ఇప్పుడు చాప మీద కూర్చుని ఒక్కొక్కటే విప్పి చూశాడు. పెట్టెలో నలభై ఆరు కార్డులు. పేరు, ఊరు, వీధి, తేదీ, ముహూర్తంతో సహా ఆయన బతుకంతా అచ్చులో ఉంది.

"నీకు ఇంజనీరు ఉద్యోగం ఇవ్వాలే" అన్నాడు భార్యతో. పొగడ్తలో ఆయన ఎక్కగలిగిన మెట్టు అదే.

డయానా ఒక నమూనా టైపు చేసి పది కాపీలు తీసిచ్చింది. పేరూ చిరునామా ఉండాల్సిన చోట ఖాళీలు, కింద 'పనిని సకాలంలో, సంతృప్తికరంగా పూర్తిచేశారని ధ్రువీకరించడమైనది' అన్న వాక్యం. జేబుకు కొత్త పెన్ను తగిలించుకుని, కార్డులు సంచిలో వేసుకుని, ఉతికిన చొక్కాతో స్కూటీ ఎక్కాడు యాసిన్.

మొదట ఉయ్యూరు. వెంకటప్పయ్య గారు చెరుకు రైతు, చక్కెర ఫ్యాక్టరీ దారిలో మూడంతస్తుల ఇల్లు కట్టించుకున్న మనిషి. మేస్త్రీని చూసి సంబరపడి చల్ల తెప్పించాడు. కాగితం చదివి మాత్రం గొంతు తగ్గించాడు.

"రెండంతస్తులు కట్టావని రాస్తా."

"మూడు కట్టానుగదండీ."

"ప్లానులో ఉన్నవి రెండేగదా. పైది నువ్వు కట్టలేదు."

"మరి ఎవరు కట్టారండీ, వానలకి మొలిచిందా?"

వెంకటప్పయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు, కానీ రెండే రాశాడు. పై అంతస్తు మెట్ల మీద నుంచే ఆయన మనవరాలు వీళ్లకు చెయ్యి ఊపుతోంది.

తర్వాతి మూడు రోజులూ తిరుగుడే తిరుగుడు. కొందరు ఇళ్లు అమ్మేసుకున్నారు. కొందరు అసలు లోకంలోనే లేరు. ఒకచోట అన్నదమ్ములు ఇల్లు పంచుకునే గొడవలో ఉండి, నువ్వు సంతకం పెడితే ఇల్లు నీదైపోతుందా అని ఒకరి మీదొకరు లేచారు. యాసిన్ కాగితం మడిచి నెమ్మదిగా జారుకున్నాడు. గన్నవరంలో ఒక డాక్టరు గారు, ఇంకో ఇద్దరు సంతోషంగా సంతకాలు పెట్టారు. శనివారానికి నాలుగయ్యాయి.

అయిదోదాని కోసం కార్డులు తిరగేస్తుంటే పెట్టె అడుగు నుంచి మేరీమాత బొమ్మ ఉన్న పాత కార్డు బయటపడింది. గుణదల, అమలమ్మ టీచరు గారిల్లు. యాసిన్ సొంతంగా ఒప్పుకున్న మొట్టమొదటి ఇల్లది.

"ఇది వద్దులే" అని పక్కన పెట్టేశాడు.

"అదేంటండీ? మీ మొదటి ఇల్లుగదా. దగ్గర కూడాను."

 ఇరవై రెండేళ్లుగా ఎవరికీ చెప్పని మాట యాసిన్ అప్పుడు చెప్పాడు.

మేస్త్రీలు మట్టం చూసేది సన్నటి పారదర్శకపు పైపులో నీళ్లు నింపి. పైపు రెండు కొసల్లోనూ నీళ్లు ఎంత ఎత్తులో నిలిస్తే అదే మట్టం. దానికి ఒక్కటే శత్రువు, లోపల ఇరుక్కున్న గాలి బుడగ. బుడగ ఉందా, పైపు అబద్ధం చెబుతుంది. అమలమ్మ టీచరు గారి స్నానాలగది గచ్చు వేసిన రోజు యాసిన్ హడావిడిలో ఉండి పైపు చూసుకోలేదు. మర్నాడు వేరే పనిలో అదే పైపు ఎండలోకి ఎత్తితే, గోరంత బుడగ మెరిసింది. నీళ్లు ఎటు పోతాయో ఆయనకు అప్పుడే తెలిసిపోయింది. వెనక్కి వెళ్లి చెబుదామంటే, మొదటి పని, మొదటి పేరు, సిగ్గు. ఇవాళ రేపు అనుకుంటూ ఏళ్లు గడిచాయి. గుణదల మీదుగా వెళ్లాల్సి వస్తే చుట్టూ తిరిగి వేరే దారిన పోవడం అలవాటైపోయింది.

కరీమున్నీసా అంతా విని, "అందుకా రైల్వే గేటు దాకా తిరిగి పోతారు! పెట్రోలు దండగ" అంది. ఆ పైన మెల్లగా, "వెళ్లండి. సర్టిఫికెట్ సంగతి తర్వాత" అంది.

ఆదివారం ప్రార్థన ముగిసే వేళకు యాసిన్ గుణదలలో ఆ గుమ్మం ముందు నిలబడ్డాడు. అమలమ్మ టీచరుకు డెబ్బై ఆరేళ్లు. కళ్లద్దాలు మారాయి గానీ చూపు మారలేదు. చూడగానే పోల్చుకుంది, కూర్చోబెట్టింది, కాఫీ ఇచ్చింది. కాగితం రెండుసార్లు చదివి తిరిగి ఇచ్చేసింది.

"ఇందులో సంతృప్తికరంగా అని ఉంది యాసినూ. నాకు సంతృప్తి లేదుగా."

"తెలుసమ్మగారు. నీళ్లు గుమ్మం వైపు వస్తాయి."

ఆమె కళ్లద్దాలు తీసింది. "నీకెట్లా తెలుసు?"

యాసిన్ బుడగ సంగతి మొత్తం చెప్పాడు. చెబుతున్నంతసేపూ కాఫీ గ్లాసు వైపే చూశాడు. క్లాసులో తప్పు ఒప్పుకుంటున్న పిల్లాడిలా చెమటలు పట్టాయి, యాభై మూడేళ్ల మనిషికి. అమలమ్మ కోప్పడుతుందేమో అనుకున్నాడు. ఆమె లేచి స్నానాలగది మూల నుంచి అరిగిపోయిన చీపురు తెచ్చి చూపించింది.

"ఇది ఎన్నో చీపురో లెక్క లేదు. రోజూ స్నానం అయ్యాక నీళ్లు నెట్టుకోవడమే నా వ్యాయామం. వేరే మేస్త్రీని పిలుద్దామని మా చెల్లెలు పోరింది. నేనే వద్దన్నా. గోడలు ఇంత బాగా కట్టినవాడు ఎప్పుడో ఒకప్పుడు తనే వస్తాడనుకున్నా."

యాసిన్‌కు ఏడుపొచ్చినంత పనైంది. తిట్టి ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది. "రేపు పొద్దున వస్తానమ్మా" అని మాత్రం అనగలిగాడు.

సోమవారం ముఠాలో ఎవరినీ పిలవలేదు. తప్పు తనది, పని తనే చెయ్యాలని ఒక్కడే సుత్తీ ఉలీ పట్టుకుని వెళ్లాడు. పాత గచ్చు పగలగొట్టి, తట్టలతో తనే మోసి బయట పోశాడు. కొత్త పైపులో నీళ్లు నింపి, ఒక కొస నుంచి ఇంకో కొసదాకా ఎండలో పట్టి మూడుసార్లు చూశాడు. అమలమ్మ వాకిట్లో కుర్చీ వేసుకుని పేపరు చదువుతూ, నాలుగో సారి చూడబోతుంటే, "ఇంక చాల్లే, బుడగ లేదు" అంది. సిమెంటు మాలు కలిపి, నీళ్లు పోయే జాలీ వైపుకు వాటం తీసి, తాపీతో నున్నగా రుద్ది లేచేసరికి నడుం విరిగినంత పనైంది. అయినా ఎన్నాళ్లకో ఆయనకు ఒళ్లు తేలికపడింది. మూడు రోజులు అది గట్టిపడేదాకా అమలమ్మ పక్కింటివాళ్ల స్నానాలగది వాడుకుంది. యాసిన్ పొద్దునా సాయంత్రం వచ్చి తడిపి పోయాడు, అదీ గుణదల దారినే. కూలి ఇవ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

గురువారం సాయంత్రం ఆమె ఒక మడత కాగితం చేతిలో పెట్టింది. "ఆ టైపు కాగితం మాటలు నాకు పడవు. నా మాటల్లో రాశా."

వీధి మలుపులో స్కూటీ ఆపి, మడత విప్పి చదివాడు. గీతల కాగితం మీద గుండ్రటి దస్తూరి.

'షేక్ యాసిన్ అనే మేస్త్రీ గుణదలలో మా ఇల్లు కట్టారు. గోడలు నేటికీ బీట వారలేదు. శ్లాబు కారలేదు. స్నానాలగది గచ్చు వాటం తప్పు. నీరు జాలీ వైపు పోక గుమ్మం వైపు వచ్చేది. ఇరవై రెండేళ్లు చీపురుతో నెట్టుకున్నాను. ఈ వారం ఆయనే వచ్చి, తప్పు తనదేనని ఒప్పుకుని, కూలి పుచ్చుకోకుండా సరిచేశారు. వందకు ఎనభై ఎనిమిది మార్కులు.'

కింద సంతకం, ఫోను నంబరు.

 తప్పు చేశానని రాసిన కాగితం తీసుకెళ్లి తనే ఆఫీసులో ఇవ్వాలి! తెల్లారితే శుక్రవారం. వెనక్కి వెళ్లి మార్చి రాయమని అడగాలంటే అమలమ్మ టీచరు ముఖం గుర్తొచ్చింది. ఆ రాసినదాంట్లో ఒక్క అక్షరం అబద్ధం ఉంటే గదా అడగడానికి. మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆఫీసులో కాగితాలు చూసే ఇంజనీరు ఉషశ్రీ, ముప్ఫై ఏళ్లుంటాయేమో. యాసిన్ ఫైలు పైనుంచి నాలుగు సర్టిఫికెట్లు తీసి బల్ల మీద వరసగా పరిచింది. ముఖం గంభీరంగా మారింది.

"మేస్త్రీ గారూ, ఇవి ఎక్కడ కొన్నారండీ?"

"కొనడమేంటమ్మా?"

"ఒకే కాగితం, ఒకే మాటలు, ఆఖరికి సంతకాలు కూడా ఒకే పెన్ను. ఉయ్యూరులో ఒకాయన, గన్నవరంలో ఒకాయన, అందరికీ ఒకే ఇంకా? ఈ నెలలో ఇట్లాంటి ఫైళ్లు మూడు వెనక్కి పంపాను."

యాసిన్ జేబులోని పెన్ను వైపు చూసుకున్నాడు. ఎవరినీ పెన్ను వెతుక్కునే ఇబ్బంది పెట్టకూడదని తన కొత్త పెన్నే అందరికీ ఇచ్చాడు మరి. మర్యాద కొంప ముంచింది. పదకొండు మంది ముఖాలూ కళ్ల ముందు కదిలాయి. ఉషశ్రీ ఫైలు మూసెయ్యబోతూ అడుగున ఉన్న గీతల కాగితం చూసి ఆగింది. చదివింది. మళ్లీ మొదటి నుంచి చదివింది. పెదవి కొరుక్కుంటూ ఫోను తీసి ఆ నంబరు నొక్కి, స్పీకరు పెట్టి బల్ల మీద ఉంచింది.

"ఎవరమ్మా?" అంది అమలమ్మ గొంతు, ఆఫీసంతా వినపడేలా.

ఉషశ్రీ తనెవరో చెప్పి, "మార్కులు వేశారేంటండీ?" అని అడిగింది.

"అలవాటమ్మా. ముప్ఫై అయిదేళ్లు పాఠాలు చెప్పా."

"సరిచేశారని రాశారుగా. మరి పన్నెండు మార్కులు ఎందుకు తీసేశారు?"

"ఆలస్యంగా వచ్చాడుగా!"

పక్క బల్ల గుమాస్తా నవ్వాపుకోలేకపోయాడు.

"ఉండమ్మా, పెట్టెయ్యకు" అంది అమలమ్మ. చెప్పులు ఈడ్చుకుంటూ నడుస్తున్న చప్పుడు, తలుపు చప్పుడు, బకెట్లో చెంబు ముంచిన చప్పుడు. ఆ తర్వాత గచ్చు మీద నీళ్లు పడ్డాయి. ఒక క్షణం ఏమీ లేదు.  అంతలో గుడగుడమంటూ నీళ్లు జాలీలోకి దిగిపోయిన శబ్దం ఫోనులోంచి ఆఫీసు గదిలోకి వచ్చింది. పని చేసుకునేవాళ్లంతా తలలెత్తి చూశారు.

"విన్నావా అమ్మాయ్? ఒక్క చుక్క గుమ్మం వైపు రాలేదు. ఇంతకంటే సర్టిఫికెట్ ఇంకేం కావాలి?"

ఉషశ్రీ ఫోను పెట్టేసి, "ఆ నాలుగు ఇళ్లూ మీరే కట్టారని ఏమైనా ఆధారం ఉందా?" అంది. ఈసారి గొంతులో కాఠిన్యం లేదు. యాసిన్ సంచిలోంచి పసుపు అంచుల కార్డులు తీసి ఒక్కో సర్టిఫికెట్ పక్కన ఒక్కొక్కటి పెట్టాడు. పేర్లు, ఊళ్లు కలిశాయి. ఆమె అందరికీ ఫోన్లు చేసింది. వెంకటప్పయ్య గారైతే అడక్కముందే, "రెండంతస్తులే కట్టాడమ్మా, రెండే!" అని గట్టిగా అరిచాడు. ఎందుకలా అరిచాడో ఉషశ్రీకి అర్థం కాలేదు. యాసిన్‌కు అర్థమైంది గానీ, కిటికీలోంచి బయటకు చూస్తూ నిలబడ్డాడు.

మూడు వారాలకు రిజిస్ట్రేషన్ వచ్చింది. డయానా అచ్చు తీసి, డబ్బులు తీసుకోకుండా లామినేషన్ చేసిచ్చింది. కాంట్రాక్టరు అన్నచోట షేక్ యాసిన్ అని ఉంది. ముఠాలో పదకొండు మందీ దాన్ని చేతులు మార్చుకుంటూ చూశారు. లక్ష్మీకాంత్ కుంటుకుంటూ మెట్లెక్కి వచ్చి మరీ భుజం తట్టి, "ఇకమీదట శిలాఫలకం మీద నీ పేరు నువ్వే బిగించుకోవాలి" అన్నాడు.

అందరూ వెళ్లాక గోడకు మేకు కొడదామని యాసిన్ సుత్తి వెతుకుతున్నాడు. ఈలోగా కరీమున్నీసా మంచం కింద నుంచి రేకు పెట్టె లాగి, ఆ కాగితాన్ని కార్డులన్నిటి మీదా పెట్టింది.

"అందులో ఎందుకే? దీని మీద దేవుడి బొమ్మ లేదుగా" అన్నాడు.

"మీ పేరుందిగా" అని ఆమె పెట్టె మూత వేసింది.